నంబరు దారి నంబరుది, నెట్ దారి నెట్‌ది

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే, విదేశం వెళ్ళినప్పుడు ఫోన్‌కి ఏమవుతుందో, దాన్ని ఎలా వాడుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక ప్రశ్న. విమానం దిగింది. చక్రాలు నేలకి తగిలాయి, ఇంకా పరుగెడుతూనే ఉంది. సీటు బెల్టు విప్పుకోమని ఎవరూ చెప్పలేదు. అప్పుడు లోపల నూటికి తొంభై మంది చేసే పని ఏమిటి? అదే, మీరందరూ అన్నదే. ఫోన్ తీసి ఏరోప్లేన్ మోడ్ ఆపేస్తారు. ఆపేసి స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటారు. సిగ్నల్ గీతలు రావు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మొహంలో రంగు మారుతుంది. "అయ్యో, పని చేయట్లేదు" అని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కనబడిన బటనల్లా నొక్కడం మొదలుపెడతారు. సగం కష్టాలు అక్కడే పుడతాయి. నేను చాలా ఏళ్ళు రోమింగ్ విభాగంలో పనిచేశాను. రోమింగ్ అంటే మన సిమ్ బయటిదేశంలో వేరే కంపెనీ టవర్ మీద నడవడం. ఫిర్యాదులు వింటూ, బిల్లులు చూస్తూ, కొత్త దేశాల్లో సిమ్ పనిచేస్తుందో లేదో పరీక్షిస్తూ గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ రెండు నిమిషాల్లో లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఆ కంగారు ఉండదు.

ఏం జరుగుతోంది? ప్రతి టవరూ తన పేరు తాను చెప్పుకుంటూ ఉంటుంది. పేరంటే అంకెలు. మొదటి మూడంకెలు దేశానివి. జపాన్‌కి 440, ఫ్రాన్స్‌కి 208, అమెరికాకి 310. ఆ తర్వాతి అంకెలు కంపెనీవి. మీ ఫోన్ ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గరా చెవి పెట్టి వింటుంది, ఎవరున్నారు ఇక్కడ అని. మీ సిమ్‌లో కూడా అలాంటిదే 15 అంకెల నంబరు ఉంటుంది. అది మీ ఫోన్ నంబరు కాదు. మీరెప్పుడూ చూసి ఉండరు. దాన్ని ఐఎమ్ఎస్ఐ అంటారు. అందులోనూ మొదటి మూడంకెలు మీ దేశానివే. అక్కడి టవర్ ఆ నంబరు చూసి, ఇతను మా వాడు కాదు, ఫలానా దేశం వాడు, ఫలానా కంపెనీ వాడు అని గుర్తుపట్టి, మీ సొంత కంపెనీకి కబురు పంపుతుంది. "ఈ మనిషి మీ మనిషేనా? ఇతని ఖర్చుకి పూచీ మీదేనా?" అని. అవును అని జవాబు రావాలి. వస్తేనే గీతలు కనిపిస్తాయి.

ఇలా ఒకరి మనిషికి ఇంకొకరు ఆతిథ్యం ఇచ్చే ఒప్పందం జీఎస్ఎమ్ అనే మొబైల్ పద్ధతిలో మొదటిసారి 1992లో జరిగింది. ఫిన్లాండ్‌లో ఒక కంపెనీ, బ్రిటన్‌లో ఒక కంపెనీ. టెలికాం ఫిన్లాండ్, వొడాఫోన్. ఇవాళ ఒక్కో కంపెనీ కొన్ని వందల కంపెనీలతో ఇలాంటి ఒప్పందాలు పెట్టుకుంటుంది.

మరి ఆ ఆలస్యం ఎందుకు? ఇక్కడ బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ దేశంలో మూడు కంపెనీలున్నాయనుకోండి. మీ కంపెనీకి వాటిలో ఒకదానితో మంచి ధర కుదిరింది. మీ ఫోన్ వెళ్ళి ఇంకోదాని తలుపు తట్టింది. అప్పుడు మీ కంపెనీయే కావాలని "వద్దు, చేర్చుకోకండి" అని చెబుతుంది. ఫోన్ మళ్ళీ తడుతుంది, మళ్ళీ వద్దంటుంది. అలా రెండు మూడు సార్లు తిప్పి పంపితే, చివరికి తనకి కావలసిన నెట్‌వర్క్ దగ్గరికి ఫోన్ చేరుతుంది. అంటే మీకు సిగ్నల్ రాని ఆ రెండు నిమిషాలూ ఫోన్ ఊరికే లేదు. తలుపు తలుపూ తడుతోంది. దాన్ని తట్టనివ్వండి. అయిదు నిమిషాలు దాటినా రాకపోతే అప్పుడు ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయండి. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మనమే ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ ఆటోమేటిక్ తీసేసి, జాబితాలో ఒక్కో పేరూ ప్రయత్నించండి. ఇంతే. ఇంతకి మించి ఏ బటనూ నొక్కొద్దు.

ఇక సిగ్నల్ వచ్చింది. నెట్ కూడా వచ్చింది. కానీ నెమ్మదిగా ఉంది. గీతలు నిండుగా ఉన్నాయి, పక్కనే కూర్చున్న ఆ దేశం మనిషికి వీడియో చకచకా నడుస్తోంది, మనకి పేజీ తెరుచుకోవడానికే ఆలోచిస్తోంది. ఎందుకని? తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు చూపించడం అంటామే, అచ్చంగా అదే. రోమింగ్‌లో ఉన్నప్పుడు మీ డేటా అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్ళదు. ముందు మీ సొంత దేశంలో మీ కంపెనీ దగ్గరికి వెళ్తుంది, అక్కడినుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తుంది. ఎదురుగా ఉన్న మ్యూజియం వెబ్‌సైటు తెరిచినా సరే, మీ దేశం దాకా వెళ్ళి రావాల్సిందే. డేటా అంత దూరం పోయేది గాజు తీగలో కాంతిగా. ఆ కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల దూరం అనుకోండి, పోవడానికి 50 మిల్లీసెకన్లు, రావడానికి 50. ఒక్కసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికే పదో వంతు సెకను. ఒక్క పేజీ తెరుచుకోవడానికి అలాంటి ప్రశ్నలు డజన్ల కొద్దీ నడుస్తాయి. అందుకే ఆ నత్తనడక. మీ ఫోన్ పాడవలేదు, టవర్ తప్పూ కాదు.

కానీ ఈ చుట్టుదారి వల్ల ఒక లాభం కూడా ఉంది. చైనా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఒకరు... ఇద్దరు. అక్కడి హోటల్ వైఫైలో గూగుల్ తెరుచుకోదు, వాట్సాప్ పనిచేయదు. కానీ బయటిదేశం సిమ్‌తో రోమింగ్‌లో ఉంటే రెండూ పనిచేస్తాయి. చాలామంది అదేదో మాయ అనుకుంటారు. మాయ ఏమీ లేదు, మీ డేటా అక్కడ ఇంటర్నెట్‌లోకి దిగడమే లేదు కదా! అడ్డు గోడ ఉన్నది వాళ్ళ ఇంటర్నెట్‌కి. మీది గొట్టంలో కూర్చుని గోడ దాటి మీ దేశం వచ్చాక అక్కడ దిగుతోంది. అదే మీరు అక్కడి సిమ్ కొనుక్కుంటే గోడ లోపలే ఉంటారు. కాబట్టి చైనా వెళ్ళేవాళ్ళకి నా సలహా వేరుగా ఉంటుంది: అక్కడ స్థానిక సిమ్ మీద ఆధారపడొద్దు, రోమింగో, బయటిదేశం ఈ-సిమ్మో (కార్డు లేని సిమ్, దాని సంగతి తర్వాత చెబుతాను) పెట్టుకోండి.

రెండు పనులు, రెండు దారులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇవాళ నేను చెప్పేదంతా మరిచిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మీ సిమ్ రెండు పనులు చేస్తోంది. ఒకటి, మీరెవరో చెప్పడం. మీ నంబరు, మీకొచ్చే ఓటీపీ, బ్యాంకు మెసేజీ, ఇంటి నుంచి వచ్చే కాల్. రెండోది, నెట్ ఇవ్వడం. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే కార్డులోంచి వస్తున్నాయి కాబట్టి. సరిహద్దు దాటగానే ఆ రెండూ విడిపోతాయి. ఒకదాని ధర వేరు, ఇంకోదాని ధర వేరు. ఒకదానికి దొరికే ప్రత్యామ్నాయం ఇంకోదానికి దొరకదు. నెట్ ఎవరైనా ఇస్తారు: హోటల్ ఇస్తుంది, కాఫీ దుకాణం ఇస్తుంది, దారిన కొన్న సిమ్ ఇస్తుంది. మీ నంబరు ఇంకెవరిస్తారు? ఎవరూ ఇవ్వరు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒకసారి నేనూ మా ఆవిడా ఒక దేశం వెళ్ళాం. రాత్రి పొద్దుపోయాక దిగాం. ఎయిర్‌పోర్టులోనే కౌంటర్ దగ్గర స్థానిక సిమ్ కొన్నాను. కౌంటర్లో అమ్మాయి చిన్న పిన్నుతో గుచ్చి ట్రే బయటికి లాగి, నా పాత సిమ్ తీసి నా అరచేతిలో పెట్టింది. మీరు ఆ కార్డుని ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? 12.3 మిల్లీమీటర్ల పొడుగు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. చిటికెన వేలి గోరంత. రసీదు కాగితంలో మడిచి చొక్కా జేబులో వేసుకున్నాను. నెట్ అద్భుతంగా వస్తోంది, మ్యాప్ చూసుకుంటూ హోటల్‌కి చేరాం. కౌంటర్ దగ్గర కార్డు ఇచ్చాను. లావాదేవీ పూర్తి కావాలంటే ఓటీపీ కొట్టమంది. ఓటీపీ ఎక్కడికి వెళ్తుంది? పాత నంబరుకి. పాత నంబరు ఎక్కడుంది? జేబులో కాగితంలో. కాగితం విప్పాను. ఖాళీ. ఆ కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆడవాళ్ళు చెవిపోగు రాయి వెతికినట్టు ఇద్దరం వెతికాం. దొరకలేదు. కారులోనే జారిపోయిందో, ఎయిర్‌పోర్టులోనే పడిపోయిందో.

ఆ రాత్రికి చేతిలో ఉన్న నగదుతో గది దొరికింది. కానీ మిగిలిన ఎనిమిది రోజులూ నా బ్యాంకు ఖాతా నాది కాదు. కొత్త సిమ్ కావాలంటే మనిషి వెళ్ళి గుర్తింపు చూపించాలి, ఆ మనిషేమో వేరే ఖండంలో ఉన్నాడు. నెట్ నిండుగా ఉంది. రోజంతా వీడియోలు చూడొచ్చు. ఒక్క టికెట్టు మాత్రం కొనలేను. నెట్ ఉండటం వేరు, నంబరు ఉండటం వేరు అని నాకు ఆ ఎనిమిది రోజుల్లో ఎముకల దాకా ఇంకింది. అప్పటినుంచీ ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే: సొంత సిమ్ ఫోన్‌లోంచి బయటికి తీయకండి. ఏ పరిస్థితిలోనూ తీయకండి.

తీయకుండా ఉంటే ఖర్చవదా అంటారు. మంచి ప్రశ్న. ఎస్ఎమ్ఎస్ అనేది డేటా మీద రాదు. టవర్‌కీ ఫోన్‌కీ మధ్య నడిచే ఆ పిలుపుల దారిలోనే వస్తుంది. అంటే మీరు డేటా పూర్తిగా ఆపేసినా ఓటీపీ వస్తుంది. చాలా కంపెనీలు రోమింగ్‌లో వచ్చిన ఎస్ఎమ్ఎస్‌కి డబ్బు తీసుకోవు. ఎత్తిన కాల్‌కి తీసుకుంటాయి, పంపిన ఎస్ఎమ్ఎస్‌కి తీసుకుంటాయి, డేటాకి తీసుకుంటాయి. మీ కంపెనీ పద్ధతి ఏమిటో బయలుదేరే ముందు కనుక్కోండి. ఇంకోటి కూడా కనుక్కోండి: మీ నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ అసలు ఆన్ అయి ఉందా? కొన్ని కంపెనీల్లో అది మనం అడిగితేనే ఆన్ చేస్తారు. అది లేకపోతే ఇందాక చెప్పానే పూచీ అని, ఆ పూచీకి "కాదు" అని జవాబు వెళ్తుంది. గీతలూ రావు, ఓటీపీ రాదు. అక్కడికి వెళ్ళాక ఆన్ చేయిద్దామంటే, దానికి మళ్ళీ ఓటీపీ అడుగుతారు.

ఇంకో చిన్న విషయం, ఇది బిల్లుల్లో ఎన్నోసార్లు చూశాను. మీరు ఎత్తని కాల్‌కి కూడా బిల్లు పడొచ్చు. ఎలా? మీ ఫోన్‌లో ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కి మళ్ళించమని పెట్టి ఉంటుంది. కాల్ మీ దేశం నుంచి మీరున్న దేశానికి వస్తుంది, అక్కడ మోగుతుంది, మీరు ఎత్తరు, మళ్ళీ అక్కడినుంచి మీ దేశంలోని వాయిస్‌మెయిల్‌కి వెళ్తుంది. పోను ఒక అంతర్జాతీయ కాల్, రాను ఇంకోటి! మీరు నిద్రలో ఉంటారు, మీటర్ తిరుగుతూ ఉంటుంది. విమానం ఎక్కే ముందు డయల్ ప్యాడ్‌లో ##002# కొట్టి కాల్ బటన్ నొక్కండి. మళ్ళింపులన్నీ రద్దవుతాయి. రాసుకుంటున్నారా? హ్యాష్ హ్యాష్ సున్నా సున్నా రెండు హ్యాష్.

బిల్లు గురించి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. రోమింగ్ డేటా ఎందుకు అంత ఖరీదు? రెండు కంపెనీల మధ్య టోకు ధర ఒకటుంటుంది, దాని మీద మీ కంపెనీ తన ధర వేసుకుంటుంది. మీకు అక్కడ వేరే దారి లేదని దానికి తెలుసు. మరి మీరు ఏమీ చేయకపోయినా డేటా ఎలా ఖర్చవుతుంది? ఫోన్‌ని జేబులో పెట్టుకుని మీరు మ్యూజియం చూస్తున్నారు. మీరు తీసిన ఫోటోలు వాటంతట అవి క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయి. యాప్‌లు అప్‌డేట్ అవుతున్నాయి. కుటుంబం గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో దానంతట అదే దిగుతోంది. మీరు హెచ్‌డీలో గంట సినిమా చూస్తే దాదాపు 3 జీబీ అవుతుంది, అది మీకు తెలిసి చేసే ఖర్చు. ఇవి తెలియని ఖర్చులు, అదీ రోజంతా. వీటిని ఆపడానికి ఫోన్‌లోనే డేటా సేవర్ అనో, లో డేటా మోడ్ అనో ఉంటుంది. ఎక్కే ముందు అది వేసేయండి, ఫోటోల బ్యాకప్ వైఫైలో మాత్రమే అని పెట్టండి.

ఈ బిల్లుల బాధ ఎంత దూరం పోయిందంటే, యూరోపియన్ యూనియన్ చట్టమే తెచ్చింది. 2010లో మొదట, డేటా బిల్లు 50 యూరోలకి చేరగానే డేటా ఆగిపోవాలని, వినియోగదారుడు సరేనంటేనే ముందుకెళ్ళాలని పెట్టారు. తర్వాత 2017 జూన్ 15 నుంచి అక్కడి సిమ్ ఉన్నవాళ్ళు యూనియన్‌లో ఏ దేశం వెళ్ళినా సొంత దేశంలో ధరే అన్నారు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా అందులో ఉన్నాయి. 2022లో దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించారు. మనలాంటి ప్రయాణికుడికి దీనివల్ల ఏమిటి? బయటి సిమ్‌తో వెళ్తే ఏమీ లేదు, ఆ హామీ అక్కడి సిమ్‌లకే. కానీ అక్కడ ఒక దేశంలో సిమ్ కొంటే, దాని పరిమితి ఏమిటో చూసుకుని, మిగతా దేశాల్లో కూడా వాడుకోవచ్చు. జాగ్రత్త మాత్రం ఒకటుంది: స్విట్జర్లాండ్ అందులో లేదు. రైల్లో ఇటలీ నుంచి ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు ఏమీ కాదు, స్విట్జర్లాండ్‌లోకి అడుగుపెట్టిన క్షణం వేరే లెక్క. బ్రిటన్ కూడా యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది, అక్కడ ఇప్పుడు ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది.

ఓడ ప్రయాణం వెళ్ళేవాళ్ళు ఉన్నారా? మీరు ప్రత్యేకంగా వినండి. తీరం దాటాక ఫోన్‌లో ఒక నెట్‌వర్క్ కనబడుతుంది. సముద్రం మధ్యలో టవర్ ఎక్కడిది? అది ఓడలోనే ఉన్న చిన్న టవర్, దాని వెనక ఉపగ్రహం. విమానంలో కూడా ఇలాంటివి ఉంటాయి. దాని మొదటి మూడంకెలు 901. అంటే అది ఏ దేశానిదీ కాదు. ఏ దేశానిదీ కాదు కాబట్టి మీరు కొన్న ఏ దేశం ప్యాకూ దానికి వర్తించదు. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై మాత్రం విడిగా ఆన్ చేసుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

ఈ-సిమ్ సంగతి

నంబరు సొంత సిమ్ మీద ఉంచుదాం, నెట్ వేరే దారిన తెచ్చుకుందాం అన్నాం. అందుకు ఇవాళ అన్నిటికన్నా సుఖమైన దారి ఈ-సిమ్. చాలామంది దాన్ని యాప్ అనుకుంటారు. కాదు. ఫోన్ లోపల అతికించి ఉన్న చిప్ అది. సిమ్ కార్డులో ఉండేదే, కార్డు లేకుండా. దానిలోకి ఏ కంపెనీ వివరాలైనా గాలిలో దించుకోవచ్చు. మీ ఫోన్‌లో ఉందో లేదో తెలియాలంటే *#06# కొట్టండి. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎమ్ఈఐతో పాటు, ఆ చిప్ గుర్తింపుగా ఈఐడీ అని 32 అంకెల నంబరు కనిపిస్తే ఉన్నట్టే. అమెరికాలో అమ్మిన ఐఫోన్లకైతే 2022లో వచ్చిన 14 నుంచీ కార్డు పెట్టే ట్రేయే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. అలాంటి ఫోన్ పట్టుకుని కార్డు సిమ్ మాత్రమే అమ్మే చోటికి వెళ్తే ఇబ్బందే, అది ముందే చూసుకోవాలి. ఫోన్ ఏదైనా ఒక కంపెనీకి లాక్ అయి ఉంటే ఈ-సిమ్ అయినా, కార్డు అయినా వేరేవాళ్ళది పనిచేయదు. వాయిదాల మీద కొన్న ఫోన్లలో ఈ లాక్ ఎక్కువ.

దించుకోవడానికి నెట్ కావాలి. నెట్ కోసం కొన్న దానికి నెట్ కావాలి! అందుకే ఇంట్లో వైఫై ఉండగానే దించేసుకోండి. చాలా ప్యాకుల గడువు మీరు ఆ దేశంలో మొదటిసారి కనెక్ట్ అయినప్పటి నుంచే మొదలవుతుంది, కొన్నిటికి కొన్న రోజు నుంచే. కొనే ముందు ఆ ఒక్క వాక్యం చదవండి. ఇంకో మాట. ఈ-సిమ్ దించుకోవడానికి ఇచ్చే క్యూఆర్ కోడ్ మామూలుగా ఒక్కసారికే. నెట్ రాలేదని విసుగొచ్చి ఈ-సిమ్‌ని డిలీట్ చేస్తే, మళ్ళీ అదే కోడ్ పనిచేయదు. ఆపండి, మళ్ళీ ఆన్ చేయండి, డిలీట్ మాత్రం చేయకండి.

ఇక ఇక్కడ, అక్షరాలా వందలమంది పొరపాటు పడే చోటు ఒకటుంది. జాగ్రత్తగా వినండి. "డేటా రోమింగ్ ఆపేయాలి, లేకపోతే బిల్లు వస్తుంది" అని అందరూ విన్నారు. అందుకని అన్నిటికీ ఆపేస్తారు. ఈ-సిమ్‌కి కూడా ఆపేస్తారు. నెట్ రాదు. ఎందుకు రాదు? ప్రయాణాలకి అమ్మే ఈ-సిమ్ చాలావరకు ఆ దేశం కంపెనీది కాదు. ఏదో మూడో దేశం కంపెనీది. మీరు జపాన్‌లో ఉంటారు, ఈ-సిమ్ ఇంకెక్కడిదో అయి ఉంటుంది. అంటే ఆ సిమ్ కూడా అక్కడ రోమింగ్‌లోనే ఉంది! దానికి డేటా రోమింగ్ ఆన్ ఉండాలి. సొంత సిమ్‌కి ఆఫ్ ఉండాలి. ఒక సిమ్‌కి ఆన్, ఇంకో సిమ్‌కి ఆఫ్. ఈ రెండు బటన్లూ సరిగ్గా పెట్టుకుంటే మీ ప్రయాణం సగం గెలిచినట్టే. మూడో బటన్ ఒకటుంది, దాక్కుని ఉంటుంది. ఒక సిమ్‌లో నెట్ బలహీనమైతే రెండో సిమ్ నుంచి వాడుకోవడానికి అనుమతించాలా అని ఉంటుంది. దాన్ని ఆపేయండి. లేకపోతే ఈ-సిమ్ నెట్ కాస్త తగ్గగానే ఫోన్ మీకు మేలు చేస్తున్నాననుకుని సొంత సిమ్‌లోంచి లాగాలని చూస్తుంది.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది. ఈ-సిమ్ పెట్టాక మ్యాప్ వేరే భాషలో కనబడుతోంది, బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు అని. ఇందాక చెప్పిన చుట్టుదారే ఇది కూడా. మీరు జపాన్‌లో ఉన్నా, ఇంటర్నెట్‌కి మీరు ఈ-సిమ్ డేటా బయటికి దిగే ఆ మూడో దేశంలో ఉన్నట్టు కనిపిస్తారు. బ్యాంకు దాన్ని అనుమానిస్తుంది. ఆ ఒక్క పనికి హోటల్ వైఫైకి మారండి, లేదా కాసేపు సొంత సిమ్ రోమింగ్ వాడండి. మీరు ప్రయాణంలో ఉన్నారని బ్యాంకుకి ముందే చెప్పి ఉంటే ఇంకా నయం.

వాట్సాప్ గురించి కూడా అడుగుతారు. కొత్త సిమ్ పెట్టగానే "నంబరు మార్చమంటారా" అని అడిగితే వద్దనండి. అది పాత నంబరు మీదే హాయిగా నడుస్తుంది, నెట్ ఏ సిమ్‌ది అన్నది దానికి పట్టదు.

కాల్స్ విషయంలో ఈ మధ్య కొత్త చిక్కు వచ్చింది. అమెరికాలో 2022లో పెద్ద కంపెనీలన్నీ 3జీ మూసేశాయి. చాలా దేశాలు అదే బాటలో ఉన్నాయి. 3జీ, దానికన్నా పాత 2జీ రెండూ లేనప్పుడు మాట కూడా 4జీ మీదే పోవాలి, దాన్నే వోల్ట్ఈ అంటారు. రెండు కంపెనీల మధ్య డేటాకి ఒప్పందం ఉండి వోల్ట్ఈకి లేకపోతే? నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, మామూలు కాల్ మాత్రం పోదు. కారణం తెలియక ఫోన్ మార్చేసినవాళ్ళు ఉన్నారు. అత్యవసర కాల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 112 అన్ని జీఎస్ఎమ్ ఫోన్లూ గుర్తుపడతాయి, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ ఉన్న ఏ టవర్ మీదైనా పోతుంది. కానీ జర్మనీలో 2009 నుంచి ఫోన్‌లో సిమ్ లేకుండా 112 పోదు. సొంత సిమ్ తీయొద్దని నేను పదేపదే ఎందుకంటున్నానో చూశారా?

నెట్ లేకుండా నడిచేవి

నెట్ గురించి ఇంతసేపు మాట్లాడాను కదా, నెట్ అక్కర్లేనివి కూడా చెప్పాలి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. మళ్ళీ అంటాను, జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు మాట్లాడుతూ ఉంటాయి, ఫోన్ వింటుంది, అంతే. ఫోన్ తిరిగి ఒక్క మాట కూడా అనదు. మ్యాప్ బొమ్మలకి మాత్రమే నెట్ కావాలి. ఆ బొమ్మలు ముందే దించుకుంటే నీలం చుక్క నెట్ లేకపోయినా కదులుతుంది. ఒక్కటే తేడా: నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్‌కి వెంటనే తెలుస్తుంది. లేకపోతే ఆ వివరం ఉపగ్రహం నుంచే వినాలి, అదేమో సెకనుకి 50 బిట్ల చొప్పున, ఎంతో నింపాదిగా చెబుతుంది. అందుకని ఆకాశం కనబడే చోట ఒకటి రెండు నిమిషాలు నిలబడండి. చుక్క వస్తుంది.

అనువాదం యాప్‌లో కూడా భాషని ముందే దించుకోవచ్చు. హోటల్ చిరునామా అక్కడి లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టాక్సీ డ్రైవర్‌కి మీ ఉచ్చారణ కన్నా ఆ బొమ్మ మేలు.

నా పక్కనుంచి అయిపోయింది, ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా... మీ అమ్మగారు ఒక్కరే వెళ్తున్నారు, ఈ బటన్లన్నీ ఆవిడకి ఎలా నేర్పాలి అంటున్నారు. నేర్పొద్దు. ఆవిడకి నేనైతే ఈ-సిమ్ పెట్టను. ఖర్చు కాస్త ఎక్కువైనా సొంత సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ వేయిస్తాను. ఒకే సిమ్, ఒకే నంబరు, దిగగానే దానంతట అదే పనిచేస్తుంది. దారిలో విమానం మారాలా? అయితే ఆ మధ్య దేశం కూడా ప్యాకులో ఉందో లేదో చూడండి, చాలామంది దిగే దేశం చూసి మధ్య దేశం మరిచిపోతారు. ఎయిర్‌పోర్టు వైఫై ఉందిగా అనుకోకండి, చాలాచోట్ల అది కూడా ఓటీపీ అడుగుతుంది. మీ నంబరు ఆవిడ ఫోన్‌లో ఎలా సేవ్ అయి ఉంది? ముందు ప్లస్ గుర్తు, తర్వాత దేశం కోడ్, తర్వాత నంబరు, అలా ఉండాలి. అలా ఉంటే ఏ దేశం నుంచి నొక్కినా కలుస్తుంది. అదే నంబరు పెద్ద అంకెలతో ఒక చీటీ మీద రాసి ఫోన్ కవరు వెనక పెట్టండి, ఛార్జింగ్ అయిపోతే పక్కవాళ్ళ ఫోన్ నుంచి చేయించుకుంటారు.

ప్రయాణం ఎప్పుడన్నారు? వచ్చే నెలా. అయితే బయలుదేరడానికి వారం ముందు ఆ ఫోన్ పట్టుకుని అమ్మగారిని కూడా తీసుకురండి. ఆవిడ చేతే చేయిద్దాం.